రోజూ 70 కిలోమీటర్లు: ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కోసం ఆగాలా, ఉన్నవాటిలో ఒకటి తీసుకోవాలా?

పరకాల రూటు:

అందరికీ నమస్తే. హన్మకొండ నయీంనగర్ నుంచి పరకాలకు డ్యూటీ. రానుపోను దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు. నెలలో రెండుసార్లు హైదరాబాద్ తప్పదు. సొంత ఇల్లే. కారు షెడ్డులో 15 ఆంప్స్ సాకెట్ ఉంది, గీజర్ లైన్‌లోంచి లాగారు. ఇంటి కరెంటు నెలకు 250 యూనిట్ల దాకా కాలుతుంది. బడ్జెట్ 20 నుంచి 25 లక్షలు.

అమెరికాలో ఉన్న మా బావ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ నడుపుతున్నాడు. వారమంతా కరెంటు మీదే తిరుగుతాడట, లాంగ్ డ్రైవ్‌కు పోతేనే పెట్రోలట. "అది వచ్చేదాకా ఆగు" అని ఒకటే పోరు. ఇక్కడ షోరూముకు పోతే "ఇది కూడా హైబ్రిడే సార్, చార్జింగ్ పెట్టే బాధ కూడా లేదు" అంటున్నారు. రెండూ ఒకటేనా? మన ఎండలకు, మన కరెంటుకు ప్లగ్-ఇన్ పనికొస్తుందా? ఖర్చు లెక్క తెలిసినవాళ్లు, బండి లోపలి సంగతి తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

కాజీపేట లోకో:

మీ బావ గారు చెప్పింది అక్కడికి నిజమే. మీ షెడ్డు దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో చూద్దాం.

ముందు పేర్ల గందరగోళం. "హైబ్రిడ్" బోర్డు కింద మూడు రకాలు అమ్ముతారు. మైల్డ్ హైబ్రిడ్ అంటే స్టార్టర్, ఆల్టర్నేటర్ కలిపిన చిన్న మోటారు. ఇంజిన్‌కు చేయూత ఇస్తుంది తప్ప ఒంటరిగా బండిని లాగదు. దాన్ని పక్కన పెట్టేయండి. రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ హైబ్రిడ్ లాంటివి. హైరైడర్‌లో బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్, అంటే ముప్పావు యూనిట్ కరెంటు. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు నిండుతుంది, మళ్లీ రెండు మూడు కిలోమీటర్లలో ఖాళీ. బయటి నుంచి చార్జ్ పెట్టే వీలే లేదు. చక్రం తిప్పే ప్రతి చుక్కా పెట్రోల్‌లోంచి వచ్చిందే, కాకపోతే వృథా తక్కువ. షోరూమ్ వాళ్లు చెప్పేది ఇదే. కంపెనీ లెక్క లీటరుకు 27.97, రోడ్డు మీద 21-23 అనుకోండి.

మూడోది ప్లగ్-ఇన్. బ్యాటరీ 10 నుంచి 20 కిలోవాట్ అవర్ల దాకా ఉంటుంది. అమెరికాలో 2025 మోడల్ దాకా అమ్మిన రావ్4 ప్లగ్-ఇన్‌లో 18.1, అక్కడి పరీక్షలో 68 కిలోమీటర్లు కరెంటు మీద పోతుందని తేల్చారు. గోడకు ప్లగ్ పెట్టి నింపుకోవాలి. ఖాళీ అయ్యాక మామూలు హైబ్రిడ్‌లా నడుస్తుంది, కానీ రెండు మూడు వందల కిలోల అదనపు బరువు మోసుకుంటూ.

ఇక మన మార్కెట్. ఇక్కడ అమ్ముడయ్యే ప్లగ్-ఇన్‌లంటే బీఎండబ్ల్యూ ఎక్స్ఎం, కొత్త ఎం5, మెర్సిడెస్ ఏఎంజీ ఎస్63, రేంజ్ రోవర్ లాంటివి. కోటి పైమాటే. చైనాలో ప్లగ్-ఇన్‌లు గుట్టలుగా అమ్మే బీవైడీ కూడా మన దగ్గరికి పూర్తి ఎలక్ట్రిక్‌లనే తెచ్చింది. దీనికి సగం కారణం పన్ను. పూర్తి ఎలక్ట్రిక్‌కు జీఎస్టీ 5 శాతం. పొడవు నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు, ప్లగ్ ఉన్నా లేకున్నా, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. 15 లక్షల అసలు ధర మీద ఒకదానికి 75 వేలు, ఇంకోదానికి 6 లక్షలు. దాని మీద మన లైఫ్ ట్యాక్స్. తెలంగాణ జీవో 41 ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తి మాఫీ ఉన్నది బ్యాటరీ బండ్లకే. యూపీ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ ప్లగ్-ఇన్‌కూ మాఫీ ఇచ్చింది కానీ అక్కడి మాఫీ మనకు అక్కరకు రాదు. పదిలక్షలు దాటిన పెట్రోల్ బండికి ఇక్కడ 17 శాతానికి తగ్గదు. రేపు ఎవరైనా ప్లగ్-ఇన్ తెచ్చినా ఇవన్నీ నెత్తిన పెట్టుకునే వస్తుంది.

ఇప్పుడు మీ లెక్క. నెలకు పరకాల 1,680 కిలోమీటర్లు, హైదరాబాద్ రెండు ట్రిప్పులు ఊళ్లో తిరుగుడుతో కలిపి 660. మొత్తం 2,340. పెట్రోల్ లీటరు 107 అనుకుందాం.

స్ట్రాంగ్ హైబ్రిడ్, లీటరుకు 22: నెలకు 106 లీటర్లు, దాదాపు 11,400 రూపాయలు.

ప్లగ్-ఇన్, ఇంట్లో మాత్రమే చార్జింగ్: ఏసీతో నిజంగా వచ్చేది 50 కిలోమీటర్లు. రోజుకు 50 కరెంటు మీద, మిగతా 20 పెట్రోల్ మీద. హైదరాబాద్ పోయేటప్పుడు మొదటి 50 కూడా కరెంటే. కరెంటు కిలోమీటర్లు 1,300, పెట్రోల్ కిలోమీటర్లు 1,040. గోడ దగ్గర యూనిట్‌కు అయిదున్నర కిలోమీటర్లు వేస్తే 236 యూనిట్లు. పెట్రోల్ మీద లీటరుకు 18 వేస్తే 58 లీటర్లు, 6,200.

కరెంటు దగ్గరే చాలామంది తప్పు లెక్క వేస్తారు. యూనిట్ అయిదు రూపాయలని పట్టుకుంటారు. మీ ఇల్లు ఇప్పటికే 250 దగ్గర ఉంది. కారు యూనిట్లు అడుగున కాదు, పైన పడతాయి. 300 దాకా 7.70, 400 దాకా 9.00, ఆ పైన 9.50. కాబట్టి మొదటి 50 యూనిట్లకు 385, తర్వాతి 100కి 900, మిగతా 86కి 817. మొత్తం 2,100, అంటే యూనిట్ తొమ్మిది రూపాయలకు కాస్త తక్కువ. 200 లోపు వాడే ఇళ్లకు ఇంకో దెబ్బ: కారు వల్ల 200 దాటితే మొదటి యూనిట్ నుంచే స్లాబు మారి 5.10 పడుతుంది. గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే ఆ నెల సున్నా బిల్లే పోతుంది.

ప్లగ్-ఇన్ మొత్తం 8,300. స్ట్రాంగ్ హైబ్రిడ్ కంటే నెలకు 3,100 మిగులు, ఏడాదికి 37 వేలు. బండి 5 లక్షలు ఎక్కువైతే ఆ డబ్బు రాబట్టడానికి పదమూడేళ్లు. ప్లగ్ పెట్టడం మానేస్తే? 2,340 కిలోమీటర్లూ లీటరుకు 18 మీద అయితే 13,900. స్ట్రాంగ్ హైబ్రిడ్ కంటే నెలకు 2,500 నష్టం.

"మనమెందుకు మానేస్తాం" అనుకోవద్దు. యూరప్‌లో 2021లో రిజిస్టరైన బండ్ల లోపలి మీటర్ల లెక్కను యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. ప్లగ్-ఇన్‌ల పొగ, కంపెనీ కాగితం మీద చూపినదానికి మూడున్నర రెట్లు. కారణం సాంకేతికం కంటే బద్ధకమే. కంపెనీ కారు, ఆఫీసు పెట్రోల్ కార్డు చేతిలో ఉంటే కేబుల్ డిక్కీలోంచి బయటికి రాదు.

షెడ్డు కరెంటు:

లెక్కలు అన్న మంచిగ జెప్పిండు. నేను వైరు సంగతి జెప్త.

అన్నా, గా గీజర్ లైన్ సాకెట్‌కు మాత్రం కారు పెట్టకు. ప్లగ్-ఇన్ అయినా, ఫుల్ ఎలక్ట్రిక్ అయినా ఇదే మాట. గీజర్ మస్తు కరెంటు గుంజుతది గని ఇరవై నిమిషాలల్ల కట్టయితది. కారు అట్ల కాదు. 12-13 ఆంపులు, ఆరేడు గంటలు, మధ్యల ఊపిరి తీసుకోకుండ గుంజుతది. 18 యూనిట్ల బ్యాటరీకి 2.8 కిలోవాట్ల కాడ ఆరున్నర గంటలు. గీజర్‌కు పదేండ్లు పని జేసిన జాయింటు కారుకు పది రోజులల్ల నల్లబడ్తది.

కాలేది వైరు నడుమ కాదు, కొసలల్ల. సాకెట్ వెనుక స్క్రూ కింద తీగ వదులుగ ఉంటే ఆడ వేడి. వేడికి రాగి సాగుతది, సల్లబడ్డంక ముడుసుకుంటది, రోజూ గిదే జరిగి స్క్రూ ఇంక వదులైతది. మొదటిరోజు గంట చార్జింగ్ అయినంక ప్లగ్ మీద అరచెయ్యి పెట్టి సూడు. గోరువెచ్చగ ఉంటే ఫర్వాలేదు. అయిదు లెక్కవెట్టేదాక చెయ్యి ఆగకపోతే బంద్ జెయ్యి. ప్లగ్ తీసి పిన్నులు సూడు. ఒక పిన్ను మాత్రమే గోధుమరంగుకు తిరిగితే ఆ దిక్కు స్ప్రింగు పోయింది, సాకెట్ మార్చుడే. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మూడు పిన్నుల అడాప్టర్లు దగ్గరికి రానియ్యకు.

సక్కగ చెయ్యాలంటే మీటర్ బోర్డు కాడినుంచే విడిగ లైను. 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మూడూ. 20 ఆంపుల ఎంసీబీ ఒకటి, లోడ్ ఎక్కువైతే లైను కొట్టేసేది. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను కొట్టేసేది, 'టైప్ ఏ' అని రాసున్నది. దుకాణంల అడగకుంటే 'ఏసీ' టైపు చేతుల వెడ్తరు, అది ఇంటికి నడుస్తది గని బండి చార్జర్‌కు కుదరదు. 16 ఆంపుల ఇండస్ట్రియల్ సాకెట్, అదే నీలంరంగు మూతది, పెడితే ఇంక నయం. మీటర్ కాడినుంచి షెడ్డుకు 25 మీటర్లు ఉన్నదనుకో, 4 స్క్వేర్ మీద మూడు వోల్టులే తగ్గుతది. అదే పాత ఇండ్లల్ల ఉండే ఒకటిన్నర స్క్వేర్ అయితే ఎనిమిది వోల్టులు పోతది, వంద వాట్ల వేడి గోడల కాలుతది. వంద వాట్ల బల్బు గోడల పెట్టి సిమెంటు పూసినట్టు అనుకో.

ఇగ ఎర్తింగ్. మన ఓరుగల్లు పేర్లనే రాయి ఉన్నది గద, రెండు మూడడుగులు తవ్వంగనే బండ తగుల్తది. మేస్త్రీలు ఆడికే ఆపి పైపు పాతి మన్ను కప్పేస్తరు. వానకాలం పనిచేస్తది. ఏప్రిల్, మే నెలల్ల నేల ఎండినంక చార్జర్ ఎర్రలైటు వెట్టి 'ఎర్త్ ఫాల్ట్' అంటది. మంది బండి ఖరాబైందని సర్వీసుకు పోతరు. మీటర్ తోని సూడు: న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ నడుమ రెండు మూడు వోల్టులు దాటొద్దు. ఎర్త్ టెస్టర్ ఉన్నోన్ని పిలిచి కొలిపిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలె. రాకపోతే బండ లేని జాగ సూసి ఇంకో పిట్ తవ్వి రెండూ కలుపుడే. ఎండకాలం వారానికి రెండు బకెట్ల నీళ్లు పొయ్యాలె. గింత చిన్న పనే గని ఎవ్వలు చెయ్యరు.

సాంక్షన్ లోడ్, అంటే ఇంటికి మంజూరైన కిలోవాట్లు, కూడ సూసుకో. బిల్లు మీద 2 కిలోవాట్లని ఉంటే కారు ఒక్కటే మూడు గుంజుతది. ఎన్‌పీడీసీఎల్ (కరెంటు కంపెనీ) కాడ అదనపు లోడ్‌కు అర్జీ పెట్టుకో, నోటీసు వచ్చేదాక ఆగకు. 7.2 కిలోవాట్ల గోడ పెట్టె ప్లగ్-ఇన్‌కు దండుగ. శానా ప్లగ్-ఇన్‌ల లోపలి చార్జరే మూడున్నర కిలోవాట్లకు మించి తీసుకోదు. నల్లా సన్నగున్నప్పుడు పైపు ఎంత లావుంటే ఏమి?

రామగుండం ఎండ:

పై ఇద్దరూ డబ్బు, వైరు చెప్పారు. బండి లోపల ఏమవుతుందో నేను రాస్తాను, ఎందుకంటే ప్లగ్-ఇన్‌లో పాడయ్యేవి మామూలు కారులో పాడయ్యేవి కావు.

ఇంజిన్: తక్కువ నడవడమే దానికి రోగం. మీకు రోజూ ఆఖరి 20 కిలోమీటర్లు ఇంజిన్ నడుస్తుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. కానీ రోజుకు 30 తిరిగేవాళ్లకు ఇంజిన్ వారానికి ఒకసారి, అదీ ఓవర్‌టేక్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, ఒక్కసారిగా లేస్తుంది. చల్లటి ఇంజిన్, నూనె ఇంకా పైకి ఎక్కలేదు, నేరుగా 3,000 ఆర్‌పీఎం. రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. నూనె పూర్తిగా వేడెక్కదు కాబట్టి లోపల చేరిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరై పోవు, ఇంజిన్ కింది ఆయిల్ గిన్నెలోనే మిగులుతాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన. అలా కనిపిస్తే కిలోమీటర్లు చూడకుండా ఆయిల్ మార్చాలి. ప్లగ్-ఇన్‌కు సర్వీసు కిలోమీటర్ల లెక్కన కాదు, నెలల లెక్కన. రెండు వారాలకోసారి హైబ్రిడ్ మోడ్‌లో పెట్టి 25 నిమిషాలు ఆపకుండా హైవే మీద నడిపితే చాలు.

పెట్రోల్: ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది. ట్యాంకు నింపి నాలుగు నెలలు వాడకుండా ఉంచితే మంచిది కాదు. ప్లగ్-ఇన్‌ల ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా బిగించి ఉంటుంది, అందుకే కొన్ని మోడళ్లలో బంకు దగ్గర ముందు బటన్ నొక్కి, లోపలి ఒత్తిడి దిగేదాకా కొన్ని సెకన్లు ఆగితేనే మూత తెరుచుకుంటుంది. బంకు కుర్రాడికి తెలియక మూతను స్క్రూడ్రైవర్‌తో పీకుతాడు, జాగ్రత్త. కరెంటు మీద ఎక్కువ తిరిగేవాళ్లు సగం ట్యాంకుకు మించి పోయించుకోకుండా, రెండు మూడు నెలల్లో అది ఖాళీ అయ్యేలా చూసుకోవాలి.

బ్యాటరీ: ఇక్కడ ఒక చిక్కు ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న పూర్తి ఎలక్ట్రిక్‌లో మీరు రోజుకు 70 కిలోమీటర్లు నడిపితే నాలుగైదు రోజులకు ఒక పూర్తి సైకిల్, అంటే ఒకసారి నిండి ఖాళీ అవడం. ప్లగ్-ఇన్‌లో రోజుకొకటి. పదేళ్లలో మూడు వేలకు దగ్గర. పైగా చిన్న బ్యాటరీ నుంచే బండి మొత్తానికి బలం గుంజాలి, సెల్ మీద ఒత్తిడి ఎక్కువ. అందుకే కంపెనీలు పైనా కిందా కొంత ముట్టకుండా దాచిపెడతాయి. 18 ఉంటే వాడనిచ్చేది 14-15. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్ అయితే ఈ సైకిళ్లను బాగా తట్టుకుంటుంది, బరువు ఎక్కువ. నికెల్ రకమైతే తేలిక, కానీ వేడిలో నిండుగా ఉంచితే త్వరగా నీరసపడుతుంది.

ఎండ: మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. బ్యాటరీ 35 దాటితే దాన్ని చల్లార్చడానికి బండి సొంత ఏసీనే వాడుతుంది. లోపల మీకు, కింద దానికి, రెండింటికీ కలిపి ఒకటిన్నర నుంచి రెండు కిలోవాట్లు. గంటన్నర డ్రైవింగ్‌లో మూడు యూనిట్ల దాకా ఏసీకే పోతే 15 యూనిట్ల బ్యాటరీలో అయిదో వంతు మాయం. కాగితం మీద 65 ఉన్నది 50కి వస్తుందని పైన చెప్పింది సరైన లెక్కే. సాయంత్రం ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకండి. టైమర్ రాత్రి 11 తర్వాతకు పెట్టండి. అప్పటికి బ్యాటరీ చల్లబడుతుంది, లైన్‌లో వోల్టేజీ కూడా నిలబడుతుంది. సాయంత్రం ఊళ్ల వైపు 190 వోల్టులకు పడితే చార్జర్ నడుమ నడుమ కొట్టేస్తుంది.

డిక్కీ సంగతి ఎవరూ అడగరు. బ్యాటరీ వెనక సీటు కిందో డిక్కీ కిందో చేరుతుంది, చాలా మోడళ్లలో స్టెప్నీ పోయి పంక్చర్ కిట్ వస్తుంది. టైరు పక్కగోడ చిరిగితే ఆ కిట్ ఎందుకూ పనికిరాదు. పరకాల రోడ్డులో గ్రానైట్ లారీల వెనక పోయేవాళ్లకు వేరే చెప్పాలా?

పరకాల రూటు:

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మూడు సందేహాలు మిగిలాయి. పరకాల ఆఫీసులో కూడా ప్లగ్ దొరికితే లెక్క మారుతుందా? హైదరాబాద్ పోయేటప్పుడు బ్యాటరీ ఎక్కడ వాడాలి? మా నయీంనగర్ సంగతి తెలుసు కదా, 2020లో, 2023లో నాలా పొంగి కాలనీలు మునిగాయి. ఇలాంటి బండి నీళ్లలో ఉంటే?

కాజీపేట లోకో:

ఆఫీసులో ప్లగ్ ఉంటే లెక్క బాగానే మారుతుంది. పరకాల 70కి 70 కరెంటే. పెట్రోల్ 560 కిలోమీటర్లకే, 31 లీటర్లు, 3,300. కరెంటు 324 యూనిట్లు, అక్కడిక్కడా కలిపి 3,000. మొత్తం 6,300. స్ట్రాంగ్ హైబ్రిడ్ కంటే నెలకు 5,000 మిగులు. అదే 5 లక్షల తేడాను ఎనిమిదేళ్లకు రాబట్టొచ్చు. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ వేయించి నెట్ మీటర్ పెట్టుకుంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి, పీఎం సూర్యఘర్‌లో 78 వేల సబ్సిడీ ఉంది. అప్పుడు పై స్లాబుల బాధే ఉండదు.

ప్లగ్-ఇన్ అంటే ఇంజిన్ కారు కాదు, రెండు సాకెట్ల మధ్య తిరిగే కారు. ఒక సాకెట్ తగ్గినకొద్దీ లాభం కరిగిపోతుంది.

హైదరాబాద్ రూటు. బండిని దాని ఇష్టానికి వదిలేస్తే మొదటి 50 కిలోమీటర్లు కరెంటు మీదే పోయి జనగామ వచ్చేసరికి బ్యాటరీ అయిపోతుంది. హైవే మీద గంటకు 90లో ఇంజిన్ ఎలాగూ పొదుపుగానే నడుస్తుంది. అసలు కరెంటు అవసరమయ్యేది ఉప్పల్ దగ్గర, ఇంజిన్ గంటసేపు ఊరికే కాలే చోట. కాబట్టి హన్మకొండ దాటగానే బ్యాటరీని దాచిపెట్టే 'సేవ్' లేదా 'హోల్డ్' మోడ్ నొక్కండి, ఘట్‌కేసర్ దగ్గర ఈవీ (కరెంటు) మోడ్‌కు మార్చండి. పక్కనే 'చార్జ్' అని ఇంకో బటన్ ఉంటుంది, ఇంజిన్‌తో బ్యాటరీ నింపేది. దాన్ని ముట్టకండి. పెట్రోల్‌ను కాల్చి కరెంటు చేసి, మళ్లీ కరెంటును చక్రానికి పంపితే దారిలోనే మూడో వంతు వరకు పోతుంది. ఇంకో మాట: హైవే ఫాస్ట్ చార్జర్ చాలా ప్లగ్-ఇన్‌లకు పనికిరాదు, ఇంటి కరెంటు రకం నెమ్మది చార్జింగ్ మాత్రమే ఉంటుంది. మిత్సుబిషి ఔట్‌ల్యాండర్ లాంటి కొన్ని మినహాయింపులు. టీ తాగే అరగంటలో పెట్టి ఎనిమిది కిలోమీటర్లు సంపాదించుకోవడం దండగ.

నీళ్లు. బ్యాటరీ పెట్టె బిగించే ఉంటుంది, వానలో నడపడానికి భయం అక్కర్లేదు. సెల్లార్‌లో సీటు దాకా నీళ్లలో నిలబడితే వేరే కథ. నీళ్లు తీసేశాక స్టార్ట్ బటన్ నొక్కొద్దు, ప్లగ్ పెట్టొద్దు, నారింజరంగు కేబుళ్లు ఎవరినీ ముట్టనివ్వొద్దు. 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీయించి, ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి, చక్రాల మీద లాగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఇన్సూరెన్స్‌లో ప్లగ్-ఇన్‌కు ఇంజిన్ కవర్, బ్యాటరీ కవర్ రెండూ కావాలి. ఒకటే తీసుకుని రెండోది మర్చిపోతారు.

మీకు నా సలహా: ఆగొద్దు. రోజూ ఒకే రూటు, సొంత షెడ్డు, 25 లక్షల బడ్జెట్. ఈ మూడూ ఉన్నవాళ్లకు 45-50 యూనిట్ల పూర్తి ఎలక్ట్రిక్ నెలకు నాలుగు వేలలో అయిపోతుంది, హైవే ఫాస్ట్ చార్జింగ్‌ను యూనిట్ 22 లెక్కన కలిపినా. ట్యాక్స్ మాఫీ కూడా దానికే.

ములుగు క్రాస్:

లోకో అన్న అందరినీ ఎలక్ట్రిక్ ఎక్కిస్తున్నాడు కానీ నేను ఒప్పుకోను. ఆయన లెక్క హైదరాబాద్ హైవేకు సరిపోతుంది. మా వైపు రండి. ములుగు దాటి పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం. ఇటు భూపాలపల్లి నుంచి మహదేవపూర్, కాళేశ్వరం. ఫాస్ట్ చార్జర్ దొరికితే అదృష్టం, దొరికినా పనిచేస్తుందో లేదో. రోజువారీ తిరుగుడు 30-40, వారానికోసారి అడవి దారిలో 200. ప్లగ్-ఇన్ సరిగ్గా ఈ బతుకు కోసమే పుట్టింది. వారమంతా కరెంటు, అడవిలోకి పోతే పెట్రోల్, మనసులో దడ లేదు.

మేడారం జాతర ట్రాఫిక్ ఒక్కటి ఊహించుకోండి. తాడ్వాయి దగ్గర మూడు గంటలు ఆగితే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో వాడుకోదగ్గ కరెంటు అర యూనిట్ కూడా ఉండదు, ఏసీ పావుగంటలో తినేస్తుంది. ఇంజిన్ లేస్తుంది, ఆగుతుంది, లేస్తుంది. ప్లగ్-ఇన్‌లో 10 యూనిట్లు మిగిల్చుకుని వస్తే ఏసీ ఆరు గంటలు నడుస్తుంది, ఇంజిన్ చప్పుడే ఉండదు. గాలివానకు రాత్రంతా కరెంటు పోయిన రోజున కొన్ని మోడళ్లలో 1,500 వాట్ల సాకెట్ ఉంటుంది, ఇంట్లో ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు లాగించొచ్చు. ట్యాంకులో పెట్రోల్ ఉన్నంతసేపు.

రామగుండం ఎండ:

ములుగు అన్న చెప్పిన వాడకానికి ప్లగ్-ఇన్ సరైనదే, అందులో వాదన లేదు. కాకపోతే ఆయన చెప్పిన ఊళ్లల్లో సర్వీసు ఎక్కడ? హైవోల్టేజ్ శిక్షణ ఉన్న మెకానిక్, ఇన్సులేటెడ్ గ్లోవ్స్, సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీని విడదీసేది) తీసి కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగేదాకా పది నిమిషాలు ఆగే ఓపిక, ఇవి ఉన్న వర్క్‌షాపు కోసం దూరం పోవాల్సి రావచ్చు. ప్లగ్-ఇన్‌లో పెట్రోల్ కారులోనివి అన్నీ ఉంటాయి, ఎలక్ట్రిక్‌లోనివి అన్నీ ఉంటాయి. కూలెంట్ లైన్లే రెండు మూడు వేర్వేరు సర్క్యూట్లు, ఒక్కోదానికి ఒక్కో గడువు. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె) కూలెంట్ తగ్గితే ఇంజిన్ వేడెక్కదు, బండి మాత్రం 'పవర్ తగ్గించాను' అని నడిరోడ్డు మీద నత్తలా మారుతుంది. బానెట్ తీసినప్పుడు రెండు డబ్బాలూ చూడండి, ఒకటి చూసి మూసేయొద్దు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా అంతే. 18 యూనిట్ల పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా ఈ చిన్నది చచ్చిపోతే రిమోట్‌తో డోర్ కూడా తెరుచుకోదు. మూడేళ్లకోసారి అడగకుండానే మార్పించేయాలి.

పరకాల రూటు:

అర్థమైంది. పరకాల ఆఫీసులో ప్లగ్ అడిగాను, మీటర్ వేరే వాళ్ల పేరు మీద ఉందట, కుదరదన్నారు. కాబట్టి ప్లగ్-ఇన్ కోసం ఆగను. రెండు ఎలక్ట్రిక్‌లు, ఒక స్ట్రాంగ్ హైబ్రిడ్ టెస్ట్ డ్రైవ్‌కు పెట్టుకున్నాను. ఏది తీసుకున్నా ముందు షెడ్డు లైన్ వేయించేస్తా. గీజర్ వైరు 4 స్క్వేరే అని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, అదే వాడుకోవచ్చా?

షెడ్డు కరెంటు:

4 స్క్వేర్ అయినా వద్దు. పొద్దుగాల గీజర్, కారు రెండూ ఒకే ఎంసీబీ మీద పడితే 20 ఆంపులది కాసేపట్ల కొడ్తది. మీ ఎలక్ట్రీషియన్ దాన్ని 32 చేసి 'అయిపోయింది అన్నా' అంటడు. అప్పుడు కాలేది వైరే. మీటర్ కాడినుంచే కొత్తది, గోడ మీద కేసింగ్ పైపుల. గోడ లోపలికెళ్లి లాగియ్యకు, రేపు వేడైతే చేతికి తెలుస్తది. ఎర్త్ తీగ షెడ్డు ఇనుప స్తంభానికి కట్టి 'ఎర్తింగ్ ఇచ్చిన' అంటే ఒప్పుకోకు, పిట్ దాక పోవాలె. పని అయినంక ఆర్‌సీసీబీ మీద 'టి' బటన్ నొక్కి సూడు, టప్పున పడాలె. పడకపోతే పైసలియ్యకు.